చోర్ అన్నారా, జోర్ అన్నారా?

నిన్న బంద్ కదా. సంత్రాగాఛి రైల్వే క్వార్టర్స్ దగ్గర ఎవరో ఆడమనిషి చేపపిల్లల హండీతో సహా సైకిల్ ఎత్తుకుపోయిందని, జనం వెంటపడి పట్టుకున్నారని విన్నారా? విన్నారు కదూ! పొద్దున్న లోకల్ ట్రైన్‌లో నా పక్కన కూర్చున్న ఇద్దరాడవాళ్ళదీ అదే మాట. ఒకావిడంటుందీ, మొహం గుర్తుపట్టకుండా దొంగ రబ్బరు టోపీ పెట్టుకుందట. రెండో ఆవిడంటుందీ, పట్టుకుంటే జారిపోడానికి ఒళ్ళంతా నూనె రాసుకుందట.

నూనె కాదమ్మా, చెరువు నీళ్ళు... అని నోటిదాకా వచ్చింది. మింగీశాను.

ఎందుకంటే ఆ దొంగని నేనే!

నవ్వండి, నవ్వండి. ముందా టీ ఇలా ఇవ్వండి. మొదట్నుంచి చెప్తాను.

నా పరుగు సంగతి మీకు తెలిసిందే. స్పోర్ట్స్ కోటాలో నాకీ ఉద్యోగం ఇచ్చిందే నా కాళ్ళని చూసి. పొద్దున్నే గ్రౌండ్, ఆ తర్వాతే ఆఫీసు, సాయంత్రం మళ్ళీ గ్రౌండ్. ఈ ఏడాది ఎండల్లో ఎడమ మోకాలు మొండికేసింది. డాక్టరు నొక్కి చూశాడు, వంచి చూశాడు, "పరుగు సగానికి తగ్గించండి" అన్నాడు. "సగం పరిగెడితే సగం దారిలోనే ఉండిపోతాను కదండీ" అన్నాను. ఆయన నవ్వలేదు.

పరుగు తగ్గితే టీమ్‌లోంచి పేరు పోతుంది. పేరు పోతే పొద్దున్నుంచి సాయంత్రం దాకా సీటుకి అతుక్కుని కూర్చోవాలి. అదీ కాదు అసలు సంగతి. స్కూల్లో ఉన్నప్పట్నుంచీ పరిగెట్టడం తప్ప నాకింకేటీ రాదు. పరుగే లేకపోతే నేనెవర్ని? రెండు రాత్రులు నిద్ర పట్టలేదంటే నమ్మండి.

అప్పుడు పిలిచాడు మా కోచ్ బిమల్‌దా. మెడలో విజిల్, చేతిలో స్టాప్‌వాచ్, నోట్లో పాన్. నిద్రలో కూడా ఈ మూడూ తియ్యడేమో!

"పార్బొతీ, ట్రయథ్లాన్ చేస్తావా?"

"అదేటి దాదా?"

"ముందు ఈత. నీళ్ళలోంచి లేచి సైకిల్. సైకిల్ దిగి పరుగు. ఒకదాని వెనక ఒకటి, ఆగకుండా."

"మధ్యలో టీ కూడా ఉండదా?"

"ఉండదు. విను. ఆడవాళ్ళ టీమ్‌కి మనుషుల్లేరు. పరుగు నీకుంది. సైకిల్ తొక్కితే మోకాలికీ మంచిదే. ఈత ఒక్కటి నేర్చుకో. నేర్చుకున్నాక ఒకరోజు మూడూ వరసగా చేసి చూపించు. బాగుంటే పేరు పంపిస్తాను, లేకపోతే లేదు."

సరే అన్నాను గానీ ఇంటికొచ్చేదాకా ఒకటే ఆలోచన. మూడు పనులు, ఒక్క ఒళ్ళు. ఈత కొట్టిన చేతులు సైకిల్ హ్యాండిల్ పట్టుకుంటే ఎలా ఉంటుంది? తొక్కి తొక్కి దిగిన కాళ్ళకి, ఇప్పుడు పరిగెట్టాలి అని ఎవరు చెప్తారు? చిన్నప్పుడు గడియారం విప్పి చూసి నాన్న చేత తన్నులు తిన్నదాన్ని. ఇలాంటిది తెలిసీదాకా నాకు మనసు నిలవదు.

అమ్మకి చెప్తే నెత్తి కొట్టుకుంది. "ఓలమ్మో! ఏటే గుంటా ఇది? మన ఇంటావంటా ఆడోళ్ళు నీళ్ళలోకి దిగితే బిందె ముంచుకోడానికే దిగీవోరు. కప్పలాగ కొట్టుకోడానికి కాదే!"

నిజమే. మా వాళ్ళు శ్రీకాకుళం నుంచి వచ్చి ఇక్కడ చెరువు పక్కనే రెండు తరాలు కాపురం ఉన్నారు. ఒక్కరికీ ఈత రాదు. ఇక్కడి బెంగాలీ ఆడవాళ్ళని చూడండి! మా క్వార్టర్స్ చెరువులో ముసలమ్మలు చీర కట్టుతోనే తేలుతూ, కోడలి మీద చాడీలు చెప్పుకుంటూ అవతలి గట్టుకి వెళ్ళొస్తారు. ఊపిరి కూడా ఆగదు. నేనేమో గంటసేపు ఆగకుండా పరిగెట్టగలను, నీళ్ళలో నాలుగు బారలు వేసేసరికి నోరు తెరుచుకుని వేలాడీదాన్ని. ఇదేటీ విచిత్రం? గుండె అదే, ఊపిరితిత్తులు అవే. వారం రోజులు చూస్తే తెలిసింది. పరుగులో ఊపిరి మనిష్టం, ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసుకోవచ్చు. నీళ్ళలో అలా కాదు. వంతొచ్చినప్పుడే తీసుకోవాలి. రేషన్ షాపు! వంతు తప్పితే చెరువు మింగాలి.

చాలా చెరువు మింగాను. కానీ నేర్చుకున్నాను. తల పక్కకి తిప్పి గాలి పీల్చడం మొదటిసారి కుదిరిన రోజు, గట్టు మీద బట్టలుతుకుతున్న వాళ్ళందరికీ పేరుపేరునా చెప్పాను.

ఇక నిన్నటి సంగతి. బంద్ అనగానే బిమల్‌దా కళ్ళు మెరిశాయి. "బస్సు ఉండదు, లారీ ఉండదు, ట్రైన్ ఉండదు. మన కలకత్తాలో ట్రయథ్లాన్‌కి ఇంతకంటే మంచిరోజు దొరకదు" అన్నాడు. ప్లానేటంటే, చెరువు ఈ గట్టు నుంచి ఆ గట్టుకి ఐదుసార్లు ఈదాలి. చివర అవతలి ఘాట్ మెట్ల దగ్గర లేచి, అక్కడ పెట్టిన సైకిలెక్కి రామరాజాతలా దాకా వెళ్ళి వెనక్కి రావాలి. తర్వాత క్వార్టర్స్ చుట్టూ పరుగు.

సైకిల్ నాన్నది. పాత నల్ల సైకిలు, మగవాళ్ళది. వెనక క్యారియర్ మీద ఒక రేకుపెట్టె కట్టాను. అందులో బూట్లు, నా కళ్ళద్దాలు. పైన ఎర్రగళ్ళ గామ్‌ఛా, అదే తువ్వాలు, కప్పి తాడుతో బిగించాను. నాకు అద్దాల్లేకపోతే ఎంత కనిపిస్తుందో మీకు తెలుసు కదా. ఆరోజు అద్దాలు విరిగినప్పుడు మన ఆఫీసర్‌గారి కోటు తగిలించిన కుర్చీకి నమస్తే పెట్టాను. అంత.

మొదలెట్టేముందు బిమల్‌దా పక్కన కూర్చోపెట్టుకుని చెప్పాడు. ఈ మాటలు బాగా వినండి. "నీళ్ళలోంచి లేవగానే తల తిరుగుతుంది. చెవుల్లో గుడగుడ శబ్దం వస్తుంది. కాళ్ళు రాళ్ళలాగ అయిపోతాయి. సైకిలెక్కితే అసలది నీ సైకిలే కాదేమో అనిపిస్తుంది. అందరికీ అంతే. అదేటీ పట్టించుకోకుండా తొక్కు."

తు.చ. తప్పకుండా పాటించాను. అదే నా కొంప ముంచింది.

ఇక్కడ ఇంకో మనిషి గురించి చెప్పాలి. నిమాయి. చేపపిల్లలు అమ్ముతాడు. పెద్ద బిందెలాంటి అల్యూమినియం హండీ నిండా నీళ్ళు పోసి, గోరంత గోరంత పిల్లల్ని వేలకొద్దీ తెచ్చి చెరువులున్న వాళ్ళకి పోస్తాడు. రోజూ లోకల్ ట్రైన్‌లో వచ్చీవాడే. బంద్ వల్ల ట్రైన్‌లు లేవు కదా, పాపం తెల్లారకుండానే బయల్దేరి ఎక్కడో ఊరవతల నుంచి సైకిల్ మీద తెచ్చాడు. ఎవరికి? మా చెరువు కౌలుకి తీసుకున్న జగాబాబుకి. నేను నీళ్ళలో ఉండగా నిమాయి ఘాట్ దగ్గరికి వచ్చి, మెట్లకి కుడి పక్క సైకిల్ స్టాండేసి, జగాబాబుని పిలుద్దామని పక్క సందులోకి వెళ్ళాడు. వాడి సైకిలూ పాత నల్లదే. వాడి హండీ మీదా ఎర్రగళ్ళ గామ్‌ఛాయే. మూతికి కట్టి తాడుతో బిగించి ఉంది. ఇవన్నీ నాకు తర్వాత తెలిశాయి లెండి.

నా సైకిల్ ఘాట్ మెట్లకి ఎడం పక్క ఉంది. బిమల్‌దా స్టాప్‌వాచ్ పట్టుకుని ఇవతలి గట్టు మీదే ఉన్నాడు. అద్దాల్లేవు, కళ్ళలో నీళ్ళు, ఐదోసారికి చేతులు పడిపోయాయి. తిన్నగా ఈదుతున్నాననే అనుకున్నాను. ఎప్పుడు వంకర తిరిగానో, మెట్లకి కుడి పక్క తేలాను. పైకొచ్చి ఎడం పక్క చెయ్యి చాపితే అందిన సైకిల్... అవును. నిమాయిది.

తల తిరుగుతోంది. ఓహో, బిమల్‌దా చెప్పింది ఇదే కదా! భలే సరదా వేసింది. పెట్టెలోంచి అద్దాలు తీద్దామని గామ్‌ఛా తడిమాను. ముడి ఊడలేదు. తడిచేతులతో ఎంత లాగినా రాదు. పోటీలో ఇక్కడ ఒక్క నిమిషం పోతే పోయినట్టే అని చెప్పాడు కదా, తెలిసిన రోడ్డుకి అద్దాలెందుకు, బూట్లు కూడా వద్దులే అనుకుని ముందునుంచి కాలు వేసి ఎక్కీశాను.

తొక్కితే కదలదు! అమ్మో, ఎంత బరువో! నిజంగానే కాళ్ళు రాళ్ళయిపోయాయి కదా అనుకున్నాను. బిమల్‌దా ఎంత అనుభవం ఉన్న మనిషి! పళ్ళు బిగించి తొక్కాను. వెనకనుంచి గుడగుడ, గుడగుడ. ఇవి చెవుల్లో నీళ్ళు. తల ఎడమకి వంచాను, కుడికి వంచాను, పోలేదు. సైకిలేమో తాగినోడిలాగ అటూ ఇటూ ఊగుతోంది. ఇది తల తిరగడం. చేపల కంపు. ఇదొక్కటీ ఆయన చెప్పలేదే! చెరువులో ఐదుసార్లు ఈదిన ఒంటికి గులాబీ వాసన వస్తుందా ఏటి అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. హ్యాండిల్ కూడా వెడల్పుగా అనిపించింది. సీటు ఎత్తుగా ఉంది. అసలిది నా సైకిలే కానట్టుంది.

"అందరికీ అంతే." తొక్కాను.

క్వార్టర్స్ గేటు దాటి పెద్దరోడ్డెక్కాను. ఎంత బాగుందో చెప్పలేను. ఒక్క బండి లేదు. బంద్ రోజు కదా, రోడ్డుకి అడ్డంగా ఇటుకలు పెట్టి వికెట్లు చేసుకుని క్రికెట్ ఆడుతున్నారు. అప్పుడే వెనకనుంచి ఒక అరుపు.

"పోనా! పోనా!"

ఎవరో తెలుగువాళ్ళు అనుకున్నాను. మా కాలనీలో సగం మనవాళ్ళే కదా. పోతే పో నాయనా, నన్నడగడమెందుకు? వెనక్కి తిరగలేదు. మళ్ళీ అరిచాడు, "ఆమార్ పోనా! ఆమార్ పోనా!" ఈసారి గొంతులో ఏడుపుంది. పుట్టినప్పట్నుంచి బెంగాల్లో ఉన్నాను, చేపపిల్లల్ని పోనా అంటారని తెలీదా నాకు? తెలుసు. చెవుల్లో నీళ్ళున్నప్పుడు బుర్రలోకి తెలుగే ముందొస్తుందని మాత్రం నిన్నే తెలిసింది.

ఆ తర్వాత క్రికెట్ ఆడీవాళ్ళు అందుకున్నారు. "జోర్! జోర్! జోర్!"

నాకు ఒళ్ళు పులకరించింది. ఇన్నేళ్ళు పరిగెట్టాను, మా మీట్‌లకి ఎవరొస్తారు? ఖాళీ గ్యాలరీ, నీడన పడుకున్న కుక్క, బిమల్‌దా విజిల్. ఎవరైనా నన్ను జోరుగా వెళ్ళమని అరవడం ఇదే మొదటిసారి. బెంగాలీలోనూ జోరే, తెలుగులోనూ జోరే! ఈ ఊరివాళ్ళకి ఆటలంటే ఎంత ప్రాణమో చూడు, ట్రయథ్లాన్ అంటే తెలీకపోయినా అర్థమైపోయింది అనుకున్నాను. జోరు పెంచాను. పెంచేసరికి వాళ్ళ అరుపూ పెరిగింది. బ్యాట్లు పట్టుకుని వెంట పరిగెడుతున్నారు! కాళ్ళ చప్పుడు వినిపిస్తోంది. నేను... చెప్పడానికి సిగ్గేస్తోంది... ఒక చెయ్యి పైకెత్తి ఊపాను.

వాళ్ళంటున్నది చోర్ అని మీకెప్పుడో అర్థమైపోయుంటుంది.

చౌరస్తా దగ్గర పార్టీవాళ్ళు ఎర్రజెండాలు కట్టిన బెంచీ రోడ్డుకి అడ్డంగా వేసుకుని పేకాడుతున్నారు. కార్లూ స్కూటర్లూ ఆపడానికి. సైకిళ్ళని ఏటీ అనరు. నన్ను చూసి ఒక్కసారి లేచి నిలబడ్డారు. లేవరా మరి? నెత్తిన రబ్బరు టోపీ, తడిసి ముద్దయిన బట్టలు, ఉత్తికాళ్ళు, వెనక ఊరేగింపు. ఒకాయన చేతిలో ముక్కలు అలాగే పట్టుకుని ఏదో అడిగాడు. "రామరాజాతలా దాకా!" అని గట్టిగా చెప్పి బెంచీ పక్కనుంచి దూరి వెళ్ళిపోయాను. వాళ్ళూ వెంటపడ్డారు. నాకు కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. పార్టీవాళ్ళు కూడా!

రోడ్డు అక్కణ్ణుంచి గుంతలు. ప్రతి గుంతకీ వీపు మీద చల్లగా నీళ్ళు చిందుతున్నాయి. ఇంత ఎండలో నా బట్టలు ఇంకా ఆరలేదా అనుకుంటున్నాను. ఇంతలో కుడి భుజం మీద ఏదో కదిలింది. కదిలి ఆగింది. మళ్ళీ కదిలింది. తీసి కళ్ళ దగ్గర పెట్టుకుని చూశాను.

ఒక కన్ను నన్ను చూస్తోంది.

గోరంత చేపపిల్ల. చెరువులోంచి నాతో వచ్చీసిందే పాపం, ఇంతసేపు ఎలా బతికిందో అని ఆశ్చర్యపోయాను. చూడండి, ఇంకా నాకు అనుమానం రాలేదు! మెడ మీద ఇంకోటి పడింది. ఆ తర్వాత టోపీ మీంచి జారి ముక్కు మీద ఒకటి. అప్పుడు బ్రేకు వేశాను. నాన్న సైకిల్ బ్రేకు కీచుమంటుంది, ఇది అనలేదు. వెనక్కి తిరిగి చెయ్యి చాపాను. నా రేకుపెట్టె చదరం కదా. చేతికి గుండ్రంగా తగిలింది.

ఆ క్షణంలో అన్నీ ఒక్కసారి విడివిడిగా వినిపించాయి. పోనా. చోర్. ఆమార్ పోనా. చోర్, చోర్.

పరిగెట్టి పారిపోదామా అనిపించింది. పరుగులో నన్ను అందుకునే మొగాడు ఆ గుంపులో లేడు. కానీ చేతిలో చేపపిల్ల కొట్టుకుంటోంది. గుంతలకి సడలిపోయిన గామ్‌ఛా కాస్త పక్కకి తోసి దాన్ని లోపల వేశాను. అంతలో దూరం నుంచి నిమాయి కేక. నాన్న సైకిల్ మీద వస్తున్నాడు వాడు! "ఆగావెందుకే! జోల్ నాడో! నాడో!"

నీళ్ళు కదుపు అంటున్నాడు. సైకిల్ కదులుతున్నంతసేపూ నీళ్ళు చిలికినట్టయి పిల్లలకి గాలి అందుతుంది. ఆగితే ఉక్కిరిబిక్కిరై చచ్చిపోతాయి. సొమ్ము పోగొట్టుకున్నవాడు దొంగని ఆగకు అని బతిమాలడం ఎక్కడైనా ఉందా? అరచేత్తో ఠప్ ఠప్‌మని నీళ్ళు కొడుతూ నిలబడ్డాను. జనం వచ్చి చుట్టూ మూగారు.

ఇక చూడండి, మన కలకత్తా! ఒకడు పోలీసులకి ఇద్దాం అంటాడు. ఒకడు నాతోపాటు హండీలో చెయ్యి పెట్టి నీళ్ళు కొడుతున్నాడు. ఒకావిడ, "ఆడకూతురు ఊరికే చేస్తుందా, ఇంట్లో ఏం కష్టమో" అంది. పేకముక్కలాయన కళ్ళజోడు సర్దుకుని అందర్నీ ఊరుకోబెట్టి అడిగాడు.

"ముందిది తేలాలి. బంద్ రోజు చేపపిల్లల రవాణా చెయ్యొచ్చా, కూడదా?"

"పాలబండిని వదుల్తున్నాం కదా?" అన్నాడొకడు.

"పాలు పసిపిల్లలకి."

"ఇవీ పసిపిల్లలే కదా!"

నిమాయి నేల మీద కూలబడ్డాడు. తెల్లారుజాము నుంచి తొక్కుతున్న మనిషి, పైన నా వెనకాల ఈ పరుగు. కాలి పిక్క పట్టేసింది. "చర్చ తర్వాత చేసుకోండి బాబూ, నా పిల్లలు చచ్చిపోతాయి" అని ఏడుస్తున్నాడు. వాడి మొహం దగ్గరగా చూసేసరికి నాకు నవ్వూ పోయింది, భయమూ పోయింది. "దాదా, నేను దొంగని కాదు. ఇది ట్రయథ్లాన్" అన్నాను.

"ఏటది?" అన్నారు అందరూ.

"ఈది, సైకిల్ తొక్కి, పరిగెట్టాలి. తొందరలో నీ సైకిలెక్కీశాను. నా కళ్ళద్దాలు నీ దగ్గరున్న ఆ సైకిల్ పెట్టెలో ఉన్నాయి. కావాలంటే చూడు."

ఎవరో పెట్టె విప్పారు. అద్దాలొచ్చాయి. పెట్టుకుని చూద్దును కదా, నా చుట్టూ సగం సంత్రాగాఛి ఉంది!

అద్దాలు చూశాక నమ్మారు. కానీ నిమాయి నన్ను మళ్ళీ సైకిలెక్కనివ్వలేదు. పిక్క రుద్దుకుని తనే ఎక్కాడు. "నువ్వు పక్కన పరిగెడుతూ నీళ్ళు కొట్టు" అన్నాడు. గామ్‌ఛా ఒక పక్క వదులు చేసి, హండీలో ఒక చెయ్యి పెట్టి, ఉత్తికాళ్ళతో పరిగెట్టాను. ఠప్, ఠప్, ఠప్. మోకాలు గుర్తు కూడా రాలేదు. నాన్న సైకిల్ మీద పేకముక్కలాయన, వెనక క్రికెట్ టీమ్‌లు రెండూ. మళ్ళీ అరుపులు మొదలయ్యాయి. ఈసారి నేను నమ్మలేదు. పక్కన పరిగెడుతున్న కుర్రాణ్ణి అడిగాను, "చోర్ అంటున్నారా, జోర్ అంటున్నారా?"

"ఇప్పుడు జోరే దీదీ!" అన్నాడు.

ఘాట్ దగ్గర బిమల్‌దా స్టాప్‌వాచ్ పట్టుకుని పిచ్చోడిలా తిరుగుతున్నాడు. పక్కన జగాబాబు, లావుపాటి మనిషి, లుంగీ ఎగ్గట్టుకుని నిలబడ్డాడు. నిమాయి గామ్‌ఛా విప్పాడు. అందరం వంగి చూశాం. ఒక్కటి తెల్లగా తేలినా ఆ పాపం నాదే.

నీళ్ళు మరుగుతున్నట్టున్నాయి. అంత హుషారు! పిల్లలన్నీ గిర్రున తిరుగుతున్నాయి. నిమాయి చాలాసేపు చూశాడు. తర్వాత నన్ను చూశాడు. "ట్రైన్‌లో తెచ్చినప్పుడు కూడా ఇంత చురుగ్గా ఉండవు" అన్నాడు మెల్లిగా. ఆ గుంతలన్నీ పనికొచ్చాయన్నమాట!

తప్పు నాది కాబట్టి హండీ దించడానికి నేనే నీళ్ళలోకి దిగాను. ఒక్కసారి గుమ్మరించబోతే నిమాయి చెయ్యి పట్టుకున్నాడు. ముందు చెరువు నీళ్ళు కొంచెం కొంచెం హండీలోకి రానివ్వాలట. రెండు నీళ్ళూ కలిశాక హండీ వంచాలట. వంచి పట్టుకుంటే మొదట ఒకటి బయటికొచ్చింది. ఆగింది. మా మోకాళ్ళ చుట్టూ ఒకసారి తిరిగి చూసింది. ఆ వెనక మిగతావన్నీ. నాకు వాటిని చూస్తే ఏటో అనిపించింది. నేను నెల రోజులు మింగి మింగి నేర్చుకున్నది, వాటికి ఎవరూ నేర్పక్కర్లేదు.

గట్టెక్కితే బిమల్‌దా పాన్ ఉమ్మేసి నిలబడ్డాడు. తిడతాడనుకున్నాను.

"ఆ హండీ బరువెంతో తెలుసా?"

"తెలీదు దాదా. కాళ్ళ బరువే అనుకున్నాను."

"ఆ బరువుతో, ఉత్తికాళ్ళతో, ఆ గుంతల్లో తొక్కావు. తిరిగి పరిగెట్టుకుంటూ వచ్చావు." స్టాప్‌వాచ్ జేబులో వేసుకున్నాడు. "సైకిల్ తప్పు. మిగతాదంతా ఒప్పే. నీ పేరు పంపిస్తున్నాను."

ఏడ్చీశాను. నిజంగా. చెరువు నీళ్ళనుకున్నారు అందరూ.

ఇంటికెళ్ళేసరికి సంగతి నాకంటే ముందు చేరిపోయింది. అమ్మ గుమ్మంలోనే నిలబడి, "ముందు దొంగతనమన్నారు, తర్వాత పోటీ అన్నారు. ఏది నిజమే?" అంది. రెండూ అన్నాను. నాన్న లోపల్నుంచి ఒకే ఒక్క మాట, "సైకిల్‌కి ఏటీ అవలేదు కదా?"

కాళ్ళు బొబ్బలెక్కాయి. అయినా రాత్రి హాయిగా నిద్రపోయాను. టీమ్‌లో ఉన్నాను కదా! ఇవాళ పొద్దున్న చీకటుండగానే లేచి, టోపీ పెట్టుకుని, అద్దాలకి వెనక రబ్బరు కట్టుకుని మరీ చెరువుకెళ్ళాను. ఈత ఇంకా బాగుపడాలి కదా.

ఘాట్ దగ్గర జగాబాబు కుర్చీ వేసుకుని కూర్చునున్నాడు. మెట్లకి అడ్డంగా వెదురుబొంగు కట్టించాడు. రెండు చెంబులు పోసుకుని వెళ్ళొచ్చట, బట్టలుతుక్కోవచ్చట. ఈత మాత్రం దుర్గాపూజ దాకా బంద్.

"అదేటి జగాబాబూ? ముసలమ్మలు కూడా ఈదకూడదా?"

"వాళ్ళు తేలుతారు దీదీ. ఫరవాలేదు. నిన్న మీ ఈత చూశాను కదా, చెరువంతా తలకిందులు చేస్తారు మీరు. మంచి పోనా పడింది, చాలా హుషారైన పోనా. అవి పెద్దయ్యేదాకా ఓపిక పట్టండి."

నాకు చెప్తున్నాడు! మోసింది నేను, పరిగెట్టి బతికించింది నేను, ఒక్కటి కూడా చావకుండా ఈ రెండు చేతులతో నీళ్ళలో వదిలింది నేను. పేరు టీమ్‌కెక్కిన రోజే, చేపల్ని సొంతంగా మోసుకొచ్చి మరీ ఉన్న ఒక్క చెరువునీ వాటికి అప్పజెప్పాను. ఇప్పుడు చెప్పండి, మీలో ఎవరింట్లోనైనా కాస్త పెద్ద నీళ్ళతొట్టి ఉందా?